ఇన్సులిన్ అయిపోయాక ఏం చేశాడు? – చార్లెస్ బెస్ట్, కోలిన్ కథ

ఇన్సులిన్ ఎవరు కనిపెట్టారని ఏ క్విజ్‌లో అడిగినా, బజర్ నొక్కినవాడు బాంటింగ్ అండ్ బెస్ట్ అని ఒకే గుక్కలో చెప్పేస్తాడు. రెండు పేర్లూ అతుక్కుపోయి ఒకే మనిషి పేరులా వినిపిస్తాయి. అదే క్విజ్‌మాస్టర్ వెంటనే ఇన్సులిన్‌కి నోబెల్ ఎవరెవరికి ఇచ్చారని అడిగితే మాత్రం సగంమంది పప్పులో కాలేస్తారు. 1923లో ఆ బహుమతి ఫ్రెడరిక్ బాంటింగ్‌కి, జాన్ మెక్లాయిడ్‌కి వచ్చింది. చార్లెస్ బెస్ట్‌కి రాలేదు.

ఆ అన్యాయం గురించి (అది అన్యాయమేనా అన్నది కాసేపట్లో చూద్దాం) చాలామందే రాశారు. నన్ను లాగింది ఇంకో ప్రశ్న. ఇన్సులిన్ నాటికి బెస్ట్ వయసు 22. ఆ తర్వాత ఇంకో 57 ఏళ్ళు బతికాడు. అన్నేళ్ళు ఏం చేశాడు? ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే తేలేది కోలిన్. మన ఒంట్లో ప్రతి కణం పొరలోనూ ఉంటుంది, మందుల షాపులో ఎవరూ అడగరు, పదో తరగతితో బయాలజీకి దండం పెట్టి ఎం.పి.సి.లో చేరిన మనలో చాలామంది దాని పేరు కూడా విని ఉండరు.

బెస్ట్ పుట్టింది 1899 ఫిబ్రవరి 27న, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దు దగ్గర వెస్ట్ పెంబ్రోక్ అనే చిన్న ఊళ్ళో. అమ్మానాన్నలు కెనడా వాళ్ళే. నాన్న ఊరి డాక్టరు. గుర్రబ్బండి మీద రోగుల ఇళ్ళకి వెళ్ళే నాన్న పక్కన పిల్లాడు కూడా ఎక్కి కూర్చునేవాడు. మేనత్త ఆనా నర్సు. ఆవిడకి చక్కెర జబ్బు వచ్చింది. ఆ రోజుల్లో దానికున్న ఒకే వైద్యం తిండి తగ్గించడం. తింటే జబ్బు చంపుతుంది, తినకపోతే ఆకలి చంపుతుంది. ఆవిడ చివరికి ఆ జబ్బుతోనే పోయింది. ఈ సంగతి బెస్ట్ జీవితాంతం గుర్తుంచుకున్నాడు.

చదువు కోసం టొరంటో వెళ్ళాడు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం. 1918లో సైన్యంలో చేరి, సార్జెంట్ అయి, ఇంగ్లండు దాకా వెళ్ళేసరికి యుద్ధమే అయిపోయింది. వెనక్కి వచ్చి టొరంటో యూనివర్సిటీలో ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ డిగ్రీ పూర్తి చేశాడు. అది 1921 వేసవి.

ఇన్సులిన్ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. బాంటింగ్ అనే కుర్ర సర్జన్ ఒక ఆలోచన పట్టుకుని ప్రొఫెసర్ మెక్లాయిడ్ దగ్గరికి వచ్చాడు. క్లోమం నుంచి పేగుల్లోకి వెళ్ళే గొట్టాన్ని దారంతో కట్టేస్తే, జీర్ణరసాలు తయారుచేసే భాగం ఎండిపోతుంది, చక్కెరని అదుపు చేసే భాగం మిగులుతుంది, దాంట్లోంచి మందు తీయొచ్చు అని. మెక్లాయిడ్‌కి పెద్దగా నమ్మకం కలగలేదు కానీ ల్యాబ్ ఇచ్చాడు, కుక్కలిచ్చాడు, సాయానికి ఒక విద్యార్థిని ఇచ్చాడు. విద్యార్థులు ఇద్దరున్నారు, బెస్ట్, క్లార్క్ నోబుల్. ముందు ఎవరు వెళ్ళాలో బొమ్మా బొరుసా వేసుకున్నారని, బెస్ట్ గెలిచాడని చెబుతారు. నాణెం ఇంకోవైపు పడుంటే క్విజ్‌లో మనం బాంటింగ్ అండ్ నోబుల్ అని చెప్పేవాళ్ళం.

మే 17న పని మొదలైంది. సర్జరీ బాంటింగ్ చేసేవాడు, రక్తంలో మూత్రంలో చక్కెర కొలిచేది బెస్ట్. జూలై చివరికల్లా క్లోమం తీసేసిన కుక్కకి వాళ్ళ రసం ఎక్కిస్తే రక్తంలో చక్కెర పడిపోవడం కనిపించింది. ఆ డిసెంబరులో జేమ్స్ కాలిప్ అనే బయోకెమిస్టు జట్టులో చేరాడు. 1922 జనవరి 11న టొరంటో జనరల్ హాస్పిటల్లో 14 ఏళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అది బాంటింగ్, బెస్ట్ చేసిన మందు. పెద్దగా పనిచేయలేదు, ఇచ్చినచోట గడ్డ కట్టింది. 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి కాలిప్ శుద్ధి చేసిన మందు. కుర్రాడు కోలుకున్నాడు.

ఇప్పుడు అన్యాయం సంగతి. బెస్ట్‌ని ఆ ఏడాది నోబెల్‌కి ఎవరూ ప్రతిపాదించనే లేదు. ప్రతిపాదన లేకుండా కమిటీ ఇవ్వదు. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో గైడు పేరు, ఐడియా ఇచ్చినవాడి పేరు పడ్డాయి, పొద్దస్తమానం రీడింగులు తీసినవాడి పేరు, చివర్లో వచ్చి ఔట్‌పుట్ రప్పించినవాడి పేరు పోయాయి. ఇది ఎలా ఉంటుందో మన ఫైనలియర్ వాళ్ళకి వివరించక్కర్లేదు. బాంటింగ్‌కి మెక్లాయిడ్ అంటే పడదు. ఆయనతో పంచుకోవడమా అని మండిపడ్డాడు. వెంటనే బోస్టన్‌లో ఉన్న బెస్ట్‌కి అందేలా టెలిగ్రామ్ పంపి తన వాటా డబ్బులో సగం అతనికి ప్రకటించాడు. మెక్లాయిడ్ తన సగాన్ని కాలిప్‌తో పంచుకున్నాడు. లెక్క ఒక రకంగా సరిపోయింది. కానీ నోబెల్ అంటే డబ్బొక్కటే కాదు కదా.

అంతకుముందే ముగ్గురూ, బాంటింగ్, బెస్ట్, కాలిప్, పేటెంటుని తలా ఒక డాలరుకి యూనివర్సిటీకి రాసిచ్చేశారు. ఇన్సులిన్‌ని పెద్ద ఎత్తున తయారుచేసే బాధ్యత 23 ఏళ్ళ బెస్ట్ మీద పడింది. ఇది చిన్న పనేం కాదు. 1922 వసంతంలో ఒక దశలో కాలిప్‌కే మందు మళ్ళీ సరిగ్గా రావడం ఆగిపోయింది. ల్యాబ్‌లో గ్లాసుడు చేయడం వేరు, కానాట్ లేబొరేటరీస్‌లో పీపాలకొద్దీ చేయడం వేరు. కెమికల్ బ్రాంచి వాళ్ళు దీన్నే స్కేల్-అప్ అంటారు. అవతల ఆసుపత్రి మంచాల మీద పిల్లలు ఎదురు చూస్తుండగా, ఆ తలనొప్పిని బెస్ట్, అతని తోటివాళ్ళు నెలల తరబడి పడ్డారు.

1924లో మార్గరెట్ మాహన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1925లో మెడిసిన్ డిగ్రీ వచ్చింది. తర్వాత లండన్ వెళ్ళి హెన్రీ డేల్ దగ్గర చేరాడు. ఇది అతని జీవితంలో పెద్ద మలుపు అని నా అభిప్రాయం. డేల్ అప్పటికే హిస్టమిన్, అసిటైల్‌కోలిన్ లాంటి చిన్న చిన్న పదార్థాలు శరీరంలో ఏం చేస్తాయో వెతుకుతున్నాడు. కాలేయం, ఊపిరితిత్తుల్లో హిస్టమిన్ సహజంగానే ఉంటుందని డేల్, బెస్ట్, ఇంకో ఇద్దరు కలిసి 1927లో చూపించారు. ఒక అవయవం రసంలో ఉన్న గుణం ఏ పదార్థం వల్ల వస్తోందో ఒక్కొక్కటే విడదీసి తేల్చడం అనే పద్ధతి బెస్ట్‌కి అక్కడ వంటబట్టింది. 1928లో మెక్లాయిడ్ టొరంటో వదిలి స్కాట్లండ్ వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది ఆయన కుర్చీలో ఫిజియాలజీ ప్రొఫెసరుగా బెస్ట్ కూర్చున్నాడు. వయసు 30.

ఆ కుర్చీతో పాటు ఒక చిక్కుముడి కూడా వారసత్వంగా వచ్చింది.

ఇన్సులిన్ వచ్చాక క్లోమం లేని కుక్కలు కూడా హాయిగా బతకాలి కదా. ఇన్సులిన్ ఇచ్చారు, కొవ్వులేని మాంసం పెట్టారు, పంచదార పెట్టారు. కొన్ని నెలలు బాగానే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటీ నీరసించి చచ్చిపోవడం మొదలైంది. కోసి చూస్తే కాలేయం బాగా ఉబ్బి, పసుపు రంగులోకి మారి, నిండా కొవ్వు. చక్కెర అదుపులోనే ఉంది. మరి చంపుతున్నదేంటి? 1924లో మెక్లాయిడ్ బృందం ఒక సంగతి గమనించింది. తిండిలో పచ్చి క్లోమం ముక్కలు కలిపితే ఆ కుక్కలు చావడం లేదు, ఏళ్ళ తరబడి బతుకుతున్నాయి.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఇన్సులిన్‌ని నోటి ద్వారా ఇస్తే జీర్ణమైపోతుంది, పనిచేయదు. కాబట్టి ఆ పచ్చి క్లోమంలో పనిచేస్తున్నది ఇన్సులిన్ కాదు. క్లోమంలో ఇంకేదో ఉంది. రెండో హార్మోనా? జీర్ణరసాల ఎంజైములా? ఇన్సులిన్ కనిపెట్టిన జట్టుకి ఇది కాస్త గుబులు పుట్టించే ప్రశ్న కూడా. ఎందుకంటే అప్పటికే వేలమంది రోగులు ఇన్సులిన్ మీద బతుకుతున్నారు. కుక్కలకి పట్టిన గతి రేపు మనుషులకీ పడితే?

హెర్షీ అనే సహచరుడు ముందడుగు వేశాడు. క్లోమం బదులు గుడ్డు పచ్చసొనలోంచి తీసిన లెసిథిన్ పెట్టి చూశాడు. కుక్కలు కోలుకున్నాయి. లెసిథిన్ అంటే 19వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో గోబ్లే అనే ఆయన పచ్చసొనలో గుర్తించిన పదార్థం. గ్రీకులో పచ్చసొనని లెకిథోస్ అంటారట, పేరు అక్కడిది. ఇప్పుడు చాక్లెట్ రేపర్ తిప్పి చూస్తే ఎమల్సిఫైయర్ అని ఉండేది తరచుగా ఇదే, కాకపోతే సోయా నుంచి తీసింది.

ఇక్కడ బెస్ట్ చేసిన పని చూస్తే మనలాంటివాళ్ళకి ముచ్చటేస్తుంది. కుక్కలతో ప్రయోగం అంటే నెలలు పడుతుంది, ఖర్చు, పైగా ఒక్కో కుక్క ఒక్కో తీరు. క్లోమం తీయడం, ఇన్సులిన్ పొడవడం, ఇన్ని గొడవల మధ్య దేనివల్ల ఏది జరుగుతోందో తేల్చడం కష్టం. అందుకని అతను సమస్యని చిన్నది చేశాడు. మామూలు తెల్ల ఎలుకలు తీసుకున్నాడు. వాటికి క్లోమం ఉంది, జబ్బేం లేదు. కొవ్వు ఎక్కువున్న తిండి పెట్టాడు. మూడు వారాల్లో వాటి కాలేయాల్లో కూడా కొవ్వు పేరుకుంది. లెసిథిన్ కలిపిన తిండి పెట్టినవాటికి పేరుకోలేదు. అంటే ఈ జబ్బుకి డయాబెటిస్‌తో గానీ క్లోమం లేకపోవడంతో గానీ నేరుగా సంబంధం లేదు! ఇది తిండిలో ఏదో తక్కువైతే వచ్చే జబ్బు.

తర్వాతి మెట్టు ఎలినార్ హంట్స్‌మన్‌తో కలిసి ఎక్కాడు. లెసిథిన్‌ని విరగ్గొడితే నాలుగు రకాల ముక్కలొస్తాయి. గ్లిసరాల్, కొవ్వు ఆమ్లాలు, ఫాస్ఫేటు, కోలిన్. ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూశారు. మొదటి మూడూ పనిచేయలేదు. కోలిన్ ఒక్కటే, అదీ రోజుకి కొన్ని మిల్లీగ్రాములు, ఎలుక కాలేయంలో కొవ్వు చేరకుండా ఆపింది. 1932లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత వెనక్కి వెళ్ళి కుక్కల్లోనూ కోలిన్ పనిచేస్తుందని చూపించారు.

కోలిన్ కొత్త పదార్థమేం కాదు. జర్మనీలో స్ట్రెకర్ అనే కెమిస్టు దాన్ని పంది, ఎద్దు పిత్తంలోంచి తీసి, 1862లో పేరు పెట్టాడు. గ్రీకులో పిత్తం ఖోలే. కొలెస్ట్రాల్‌లో ఉన్నదీ, కలరాలో ఉన్నదీ ఆ మాటే. బెస్ట్ కంటే ముందు 70 ఏళ్ళపాటు అది పుస్తకాల్లో పడి ఉంది. అది తిండిలో లేకపోతే ప్రాణం మీదకి వస్తుందని మాత్రం ఎవరికీ తెలియదు.

ఇంతకీ అది లోపల చేసేదేంటి? ఇప్పుడు మనకి తెలిసినంతలో చెప్తాను. ఇందులో చాలాభాగం బెస్ట్ మొదలుపెట్టిన దారిలో మిగతావాళ్ళు వెళ్ళి తెచ్చినదే.

కోలిన్ చిన్న అణువు. ఒక నత్రజని పరమాణువు, దాని చుట్టూ మూడు మిథైల్ గుంపులు, ఒక పొట్టి ఆల్కహాల్ తోక. నత్రజని మీద ఎప్పుడూ పాజిటివ్ ఛార్జి ఉంటుంది. ఆ ఛార్జి వల్ల నీటితో దోస్తీ. దాన్ని ఫాస్ఫేటు ద్వారా కొవ్వుకి అతికిస్తే తల నీటిని ఇష్టపడుతుంది, తోకలు నూనెని ఇష్టపడతాయి. అదే ఫాస్ఫటిడైల్‌కోలిన్, అంటే లెసిథిన్. మన కణాల పొరల్లో ఎక్కువ భాగం ఇదే.

కాలేయం పని తీసుకుందాం. అది కొవ్వుని తన దగ్గరే దాచుకోదు, మూటలు కట్టి రక్తంలోకి పంపిస్తుంది. ఆ మూటలకి పైపొర కావాలి, నీళ్ళలాంటి రక్తంలో కొవ్వు విడిగా తేలితే కుదరదు. ఆ పైపొర ముఖ్యంగా ఫాస్ఫటిడైల్‌కోలిన్. ధాన్యం సీజన్‌లో మన కొనుగోలు కేంద్రాల దగ్గర ఏమవుతుందో తెలుసు కదా. వడ్లుంటాయి, లారీలుంటాయి, గోనెసంచులుండవు. ధాన్యం కళ్ళంలోనే కుప్పలు పడుతుంది. కోలిన్ లేని కాలేయం అచ్చం అదే. కొవ్వు ఎక్కువై కాదు, సంచులు లేక పేరుకుపోతుంది.

ఆ సంచి ఎలా తయారవుతుందో 1950లలో అమెరికాలో యూజీన్ కెన్నెడీ తేల్చాడు. అతని ప్రయోగంలో ఒక తమాషా ఉంది. ఏ.టి.పి. వేస్తే కోలిన్ కొవ్వుకి అతుక్కుంటోంది. మరింత శుద్ధమైన ఏ.టి.పి. తెప్పించి వేస్తే అతుక్కోవడం లేదు! చివరికి తేలిందేంటంటే, అసలు పని చేస్తున్నది పాత సీసాలో కొద్దిగా కలిసిపోయిన సి.టి.పి. అనే ఇంకో పదార్థం. కల్తీ సరుకే దారి చూపించింది. సి.టి.పి. సాయంతో కోలిన్ ముందు సిద్ధమవుతుంది, తర్వాత కొవ్వు మీద కూర్చుంటుంది.

రెండో దారి కూడా ఉంది. కాలేయం తనంతట తానే కోలిన్‌ని కట్టుకోగలదు. పొరలో ఇథనోలమీన్ అనే తల ఉన్న కొవ్వుకి ఒకటి తర్వాత ఒకటి మూడు మిథైల్ గుంపులు తగిలిస్తే అది ఫాస్ఫటిడైల్‌కోలిన్ అయిపోతుంది. ఆ మిథైల్ గుంపులు మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వస్తాయి. అందుకే ప్రోటీను బాగా తిన్న ఎలుకలకి కోలిన్ లేకపోయినా ఇబ్బంది తక్కువ. ప్రోటీనుకి ఈ గుణం ఉందని 1930లలో బెస్ట్ ల్యాబ్ గమనించింది, మిథైల్ గుంపులు అణువు నుంచి అణువుకి చేతులు మారతాయని న్యూయార్క్‌లో డు విగ్నో నిరూపించాడు.

లావాదేవీ ఒకవైపే కాదు. కోలిన్ కూడా అప్పు ఇస్తుంది. కాలేయంలో, మూత్రపిండాల్లో అది బీటైన్‌గా మారి, హోమోసిస్టీన్‌కి ఒక మిథైల్ ఇచ్చి దాన్ని మళ్ళీ మెథియోనిన్ చేస్తుంది. ఇదే పని చేసే ఇంకో జంట ఫోలిక్ ఆమ్లం, బి12. ఫోలిక్ ఆమ్లం తక్కువైతే కోలిన్ ఖర్చు పెరుగుతుంది. ఇక్కడ మనవాడు తగులుతాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. అంతేకాదు, ఫాస్ఫరస్‌ని కొలవడానికి ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ఇచ్చిన పద్ధతితోనే దశాబ్దాలపాటు ప్రపంచమంతా ల్యాబుల్లో లెసిథిన్ జాతి కొవ్వుల్ని లెక్కగట్టారు. బెస్ట్ కంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయనకీ నోబెల్ రాలేదు.

కోలిన్‌లో కొద్ది భాగం మాత్రం నరాలకి వెళ్తుంది. అక్కడ అసిటైల్ గుంపు తగిలించుకుని అసిటైల్‌కోలిన్ అవుతుంది. చెయ్యి ఎత్తాలన్నా, గుండె నెమ్మదించాలన్నా నరం చివర అది విడుదల కావాలి. పని అయిన వెంటనే ఒక ఎంజైము దాన్ని విరిచేస్తుంది, కోలిన్ తిరిగి నరంలోకి వెళ్ళిపోతుంది. పత్తి చేలల్లో కొట్టే మోనోక్రోటోఫాస్ లాంటి మందులు ఆ ఎంజైమునే పట్టేస్తాయి. విరిగేది విరగక, సంకేతం ఆగక, మనిషి చొంగ కారుస్తూ ఊపిరాడక పడిపోతాడు. బెస్ట్ గురువు డేల్‌కి 1936లో నోబెల్ వచ్చింది ఈ అసిటైల్‌కోలిన్ పనికే, ఒట్టో లోవీతో కలిపి.

మళ్ళీ బెస్ట్ దగ్గరికి వద్దాం. అందరూ ఒప్పేసుకున్నారనుకోకండి. 1936లో షికాగో నుంచి డ్రాగ్‌స్టెడ్ అనే సర్జన్ క్లోమంలో నిజంగానే ఇంకో హార్మోను ఉందన్నాడు, దానికి లిపోకాయిక్ అని పేరు కూడా పెట్టాడు. తన రసంలో ఉన్న కోలిన్ చాలా తక్కువ, అయినా అది పనిచేస్తోంది, కాబట్టి కోలిన్ కాదని అతని వాదన. న్యాయమైన వాదనే. ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి తేలింది ఏంటంటే, క్లోమం లేని కుక్కకి జీర్ణ ఎంజైములు లేవు, తిన్న మాంసంలోని మెథియోనిన్ బయటికి రాదు, మిథైల్ గుంపులు దొరకవు. పచ్చి క్లోమం ఆ ఎంజైముల్ని అందిస్తోంది. కొత్త హార్మోను అక్కర్లేకుండానే లెక్క సరిపోయింది. ఇన్సులిన్ మీద ఉన్న మనుషులకి ఈ గండం లేదు, వాళ్ళ క్లోమం ఎంజైముల్ని మామూలుగానే చేస్తుంది.

అదే సమయంలో బెస్ట్ చేతిలో ఇంకో పనీ నడిచింది, హెపారిన్. రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థమని 1916 నుంచీ తెలుసు కానీ మనిషికి ఎక్కించేంత శుద్ధంగా లేదు. 1930లలో టొరంటోలో చార్లెస్, స్కాట్ దాన్ని శుద్ధి చేశారు, సర్జన్ గోర్డన్ మర్రే రోగులకి వాడాడు, వెనక ఉండి నడిపించింది బెస్ట్. డయాలిసిస్‌కి, గుండె ఆపరేషన్లకి అది ఇప్పటికీ కావాల్సిందే. 1937లో నార్మన్ టేలర్‌తో కలిసి రాసిన ఫిజియాలజీ పుస్తకం మన దేశంలో మెడికల్ కాలేజీల్లో కూడా తరతరాలు చదివారు. బెస్ట్ అండ్ టేలర్ అంటే పాత డాక్టర్లకి ఇట్టే తెలుస్తుంది. ఇక్కడా పేరు జంటగానే.

1941 ఫిబ్రవరిలో బాంటింగ్ న్యూఫౌండ్‌లాండ్‌లో విమాన ప్రమాదంలో పోయాడు. అతని పరిశోధన విభాగం బెస్ట్ చేతికి వచ్చింది. యుద్ధకాలంలో గాయపడ్డ సైనికులకి ఎండబెట్టిన రక్తద్రవం, నావికులకి ఓడ ప్రయాణంలో వాంతులు ఆపే మందు, ఇలాంటివాటి మీద పనిచేశాడు.

కోలిన్ మీద అతని ఆఖరి పెద్ద దెబ్బ 1949లో. అప్పటికి తాగుబోతుల కాలేయం చెడేది సారా విషం వల్ల అనుకునేవారు. బెస్ట్, హార్ట్‌రాఫ్ట్, ఇంకో ఇద్దరు కలిసి కొన్ని ఎలుకలకి ఆల్కహాల్, కొన్నిటికి అంతే కేలరీల పంచదార ఇచ్చారు. రెండు గుంపుల కాలేయాలూ ఒకేలా చెడ్డాయి. కోలిన్ ఇస్తే రెండూ బాగున్నాయి. అంటే ఆల్కహాల్ విషం కాదు, కోలిన్ లేని ఒట్టి కేలరీలే నష్టం అన్నారు. ఈ మాట మాత్రం నిలవలేదు. 1960ల నుంచి జరిగిన పని ఆల్కహాల్ స్వయంగానే కాలేయాన్ని దెబ్బతీస్తుందని, ఎంత కోలిన్ ఇచ్చినా ఆగదని చూపించింది. బెస్ట్ తన అణువుని మరీ ఎక్కువ ప్రేమించాడేమో అనిపిస్తుంది. ఈమధ్య స్కానింగ్ రిపోర్టుల్లో మన అన్నయ్యలకి, బాబాయిలకి వస్తున్న ఫ్యాటీ లివర్‌కి కూడా అసలు కారణాలు బరువు, కూర్చుని చేసే ఉద్యోగాలు, తిండి. కోలిన్ మాత్ర మింగితే పోయేది కాదు.

ఇక అతని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు. అంత పని చేసినవాడు ఇన్సులిన్ గాయాన్ని మాత్రం వదల్లేకపోయాడు. వయసు పెరిగేకొద్దీ ఆ కథని తనవైపు లాగి చెప్పడం ఎక్కువైంది. కాలిప్ పాత్ర, మెక్లాయిడ్ పాత్ర కుదించుకుపోయేవి. 1982లో మైకేల్ బ్లిస్ అనే చరిత్రకారుడు పాత నోటుపుస్తకాలు, ఉత్తరాలు తవ్వి తీసి ఇన్సులిన్ చరిత్ర రాశాడు. అందులో బెస్ట్ చెప్పుకున్న కొలతలు నిలబడలేదు. అది చదివితే ముందు కోపం వస్తుంది, తర్వాత జాలేస్తుంది. కోలిన్‌లో అతనికి ఎవరితోనూ పేచీ లేదు. కానీ సభల్లో అందరూ అడిగేది 1921 వేసవి గురించే. ఆ వేసవి గురించే చెప్పేవాడు.

బయటి నుంచి చూస్తే లోటేం లేదు. లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, కెనడా అత్యున్నత పౌర గౌరవం, 1953లో తన పేరుతోనే ఒక పరిశోధన భవనం. లోపల సంగతి వేరు. 1960లలో తీవ్రమైన డిప్రెషన్ పట్టుకుంది, ఆసుపత్రి వైద్యం అవసరమైంది. 1967లో రిటైరయ్యాడు. చివరిదాకా తోడున్నది మార్గరెట్. ఆవిడ ఏళ్ళ తరబడి రాసుకున్న డైరీల ఆధారంగానే తర్వాత చిన్నకొడుకు హెన్రీ వాళ్ళిద్దరి జీవితకథ రాశాడు.

1978 మార్చిలో పెద్దకొడుకు అలెగ్జాండర్ హఠాత్తుగా గుండెపోటుతో పోయాడు. ఆ కబురు విన్న తండ్రి కుప్పకూలాడు, కడుపులో పెద్ద రక్తనాళం పగిలింది. కొద్ది రోజులకే, మార్చి 31న, టొరంటోలో చనిపోయాడు. 79 ఏళ్ళు. మౌంట్ ప్లెజంట్ శ్మశానంలో పాతిపెట్టారు. బాంటింగ్ సమాధి ఉన్నదీ అక్కడే.

ఎలుకల్లో తేలిన సంగతి మనుషులకీ వర్తిస్తుందని గట్టిగా నిరూపించడానికి ఇంకా టైం పట్టింది. 1991లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకి కోలిన్ లేని తిండి పెట్టి చూశారు. మూడు వారాల్లోనే కాలేయం దెబ్బతింటున్న గుర్తులు రక్తంలో కనిపించాయి. ఆ దశాబ్దంలోనే, నోటితో తినలేక ఏళ్ళ తరబడి రక్తనాళం ద్వారా మాత్రమే ఆహారం ఎక్కించుకునే రోగులకి కాలేయంలో కొవ్వు ఎందుకు చేరుతోందో అర్థమైంది. ఆ సీసాల్లో కోలిన్ లేదు. కలిపితే కొవ్వు తగ్గింది. టొరంటో కుక్కల కథే మళ్ళీ, ఈసారి మనుషుల్లో. చివరికి 1998లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కోలిన్‌ని మనిషికి తప్పనిసరి పోషకాల జాబితాలో చేర్చి, మగవాళ్ళకి రోజుకి 550 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి 425 అని లెక్క రాసింది. ఒక పెద్ద గుడ్డులో 150 దాకా ఉంటుంది, దాదాపు అంతా పచ్చసొనలోనే.